సూర్యుడు మోకాలికి వచ్చిన రోజు

దౌలత్‌మో పొద్దున్నే లేచి సూర్యుడి మీద అజమాయిషీ చేస్తుందని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు. ఎగతాళి చేసిన నోళ్లే మళ్లీ ఆమె గుమ్మం ముందుకొచ్చి, "అత్తా, ఇవాళ ఎక్కడున్నాడు?" అని వినయంగా అడిగేవి. గొర్రెల్ని ఎప్పుడు బయటికి తోలాలన్నా, బార్లీ ఎప్పుడు చల్లాలన్నా, కుక్కగండిలోంచి ఎప్పుడు పోకూడదన్నా ఆమె చెప్పాల్సిందే. ఊరి ఆఫీసు గోడ మీద క్యాలెండరు లేకపోలేదు. ఏటా రాజధాని నుంచి ట్రాక్టరు బొమ్మతో కొత్తది వస్తుంది. దాన్ని చూసి విత్తనం చల్లినవాణ్ని మాత్రం ఆ లోయలో నేనింతవరకు చూడలేదు.

చలి విరిగే రోజుల్లో సూర్యుడు మనిషి ఒంట్లోకి వస్తాడు. మొదట కాలిగోరు. అక్కడ మూడు రోజులు. తర్వాత మీగాల్లో మూడు రోజులు, చీలమండలో మూడు, పిక్కలో మూడు, మోకాట్లో మూడు. అలా ఎగబాకి నడినెత్తికి చేరేసరికి ఎండాకాలం ముదురుతుంది. గోట్లోకి ఏ రోజు వచ్చాడో పట్టుకోగలిగితే చాలు, మిగతాదంతా వేళ్ల మీద లెక్క. ఆ మొదటి రోజును పట్టుకోవడంలోనే విద్యంతా ఉంది. ఊరికి పైన కొండచరియ మీద, నిలువునా చీలిక ఉన్న రాయి ఒకటి పాతి ఉంటుంది. దానికి ఇరవై అంగల దూరంలో ఒక బండ. ఆ బండ మీద కూర్చుని చూస్తే, నది అవతలి కొండల మీంచి లేచే సూర్యుడు సరిగ్గా ఆ చీలికలో కనబడాలి. కనబడిన రోజు గోరు మొదలైనట్టు.

ఆ రాయి దౌలత్‌మో తండ్రిది, అంతకుముందు తాతది. తండ్రి ఆ బండ మీద పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి నేర్పాడు. అన్న కదంషో పెద్దవాడై, అవతలి ఒడ్డు పిల్లని చేసుకుని అక్కడికి ఇల్లరికం పోయాడు. అప్పట్లో అదేం పెద్ద దూరం కాదు. తోలుతిత్తుల తెప్ప మీద పెళ్లిళ్లకీ చావులకీ ఇటువాళ్లు అటూ, అటువాళ్లు ఇటూ వస్తూ పోతూ ఉండేవాళ్లు. మాటా ఒకటే, తిండీ ఒకటే. దౌలత్‌మోకి తొమ్మిదో ఏట సరిహద్దు మూసేశారు. ఇవతల ముళ్లకంచె వచ్చింది, కావలి బురుజు వచ్చింది. అవతలికి చెయ్యి ఊపినా చౌకీకి పిలిపించి ఎందుకు ఊపావని అడిగేవాళ్లు. ముప్పై తొమ్మిదేళ్లు గడిచాయి. అన్నాచెల్లెళ్ల మధ్య ఒక్క మాట లేదు.

పొగ ఒక్కటే ఉండేది. కదంషో అవతల తన రాయి తను పాతుకున్నాడు. ఏటా గోరు మొదలైన రోజున ఎదుటి కొండ మీద సన్నగా పొగ లేచేది. ఇవతల పొగ వెయ్యడానికి వీల్లేదు కాబట్టి దౌలత్‌మో చూసి ఊరుకునేది. ఆ రోజే ఆమె చీలికలోకీ సూర్యుడు వచ్చేవాడు. అన్న బతికే ఉన్నాడు, లెక్క తప్పలేదు అనుకుని, ఆ పూట ఉప్పు వేసిన పాల చాయ్‌లో వెన్న ఒక ముద్ద ఎక్కువ వేసుకునేది. ఆమెకి అదే పండగ.

ఈ ఏడు పొగ నాలుగు రోజులు ముందు లేచింది.

ఆమె ఆ పొద్దున బండ మీదే ఉంది. చీలికలో సూర్యుడు లేడు, పక్కనెక్కడో ఉన్నాడు. మర్నాడూ లేడు. ఐదో రోజున వచ్చాడు. "మా అన్నకి కళ్లు పోయాయర్రా, పొగ పెట్టే తొందరే గానీ లెక్క లేదు" అని ఊరంతా చాటింది. నవ్వడానికి నవ్వింది గానీ లోపల కలుక్కుమంది. అన్నకి నిజంగానే చూపు పోయిందా? లేక పోయింది అన్నేనా, పొగ పెట్టింది ఇంకెవరో చేతకానివాడా? ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. తన రాయే తప్పు చెప్పిందేమో అన్న ఊహ మాత్రం ఆమెకి కలలోకి కూడా రాలేదు.

రావాల్సింది. ఎందుకంటే పోయిన ఆకురాలు కాలంలో రోడ్డు వెడల్పు చేసే యంత్రమొకటి వచ్చి ఆ చరియను కుమ్మింది. రాయి దొర్లిపోయింది. దౌలత్‌మో ఆ యంత్రం ముందు పడుకుంటానని రభస చేసి, నలుగురు మగవాళ్ల చేత దాన్ని మళ్లీ నిలబెట్టించింది. పాత గుంట మట్టిపెళ్లల కింద పూడిపోయింది. "గుంట ఏమైతేనేం, నా కాళ్లకి తెలుసు" అని బండ నుంచి ఇరవై అంగలు వేసి, "ఇక్కడ పాతండి" అంది. పాతారు.

ఆమె లెక్కన సూర్యుడు చీలమండలో ఉన్న రెండో రోజు మధ్యాహ్నం, కోడలు నోజిగుల్‌కి నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. ఊరి నర్సు జరాగుల్ వచ్చి చూసి, చేతులు కడుక్కుంటూ అసలు మాట చెప్పేసింది.

"బిడ్డ అడ్డం తిరిగింది. ఇది నా చేతుల్లో లేదు. రేపు మధ్యాహ్నంలోపు ఆపరేషన్ చెయ్యకపోతే ఇద్దరూ దక్కరు. చౌకీ నుంచి ఫోన్ చేయించాను. ఆసుపత్రి బండి పొద్దున్నే కుక్కగండి అవతలి దాకా వచ్చి ఉంటుంది. గండిలోకి మాత్రం రాదట."

రాదు మరి. కొండకొన నుంచి మంచు విరిగి, దారంతా ఊడ్చుకుని నదిలో పడే చోటది. ఆ మంచుని అక్కడివాళ్లు తెల్లకుక్క అంటారు. పిక్క దాకా కుక్క నిద్రపోతుంది. మోకాలు, తొడ, ఈ ఆరు రోజులూ కొండకొన మీద ఎండ పడిందంటే లేస్తుంది. అందుకే ఆ ఆరు రోజులూ గండిలో కాలు పెట్టేవాడుండడు.

లారీ నడిపే లాల్‌బేక్ టోపీ వెనక్కి తోసుకుని గోక్కున్నాడు. "తెల్లారగట్ల కదలమంటే నా వల్ల కాదమ్మా. నది పక్క రోడ్డంతా అద్దంలా గడ్డకట్టి ఉంది. జారితే బిడ్డేమిటి, అందరం నదిలోనే. ఎండెక్కి కాస్త మెత్తబడ్డాక పదింటికి కదులుదాం. ఏమత్తా, నీ సూర్యుడేమంటున్నాడు?"

"రేపు చీలమండలో ఆఖరి రోజు. పదింటికేం ఖర్మ, మిట్టమధ్యాహ్నం డప్పు కొట్టుకుంటూ పో, కుక్క చెవి కూడా కదపదు."

"పోయినేడు రేపటి తారీఖుకి మోకాలన్నావు కదత్తా. నా పుస్తకంలో రాసుకున్నాను," అంది జరాగుల్.

"నీ పుస్తకంలో సూదుల లెక్క రాసుకోవే. సూర్యుణ్ని నాకొదిలెయ్."

నలుగురూ నవ్వారు. జరాగుల్ మొహం కందగడ్డ చేసుకుని లోపలికెళ్లిపోయింది. నోజిగుల్ పరుపు మీంచి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అత్తయ్యా, నాకు భయంగా ఉంది."

"ఎందుకే పిచ్చిదానా. నేనున్నానుగా."

మర్నాడు ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే దౌలత్‌మో చరియ ఎక్కింది. చూడాల్సిన అవసరమేం లేదు, అలవాటు. రెండు రోజులుగా వీచిన వెచ్చటి గాలికి చరియ మీద మంచు కరిగి, యంత్రం పోసిన మట్టిపెళ్లలు నీళ్లతో పాటు కొట్టుకుపోయాయి. బండ మీద కూర్చోబోతూ అటు చూసింది. రాతికి పక్కగా ఒక గుంట బయటపడి ఉంది. అంచులు నున్నగా, నల్లగా ఉన్నాయి. ఈ మధ్య తవ్విన గుంటలా లేదు.

దగ్గరికెళ్లి మోకాళ్ల మీద వంగి అందులో చెయ్యి పెట్టింది. వేళ్లకి గట్టిగా ఏదో తగిలింది. గీరి తీస్తే పొట్టేలు కొమ్ము. తన చిన్నప్పుడు రాయి వాలిపోతే తండ్రి సరిచేస్తూ, "కొమ్ము కింద ఉంటే రాయి కదలదు తల్లీ" అని తన చేతనే గుంటలో పెట్టించిన కొమ్ము. విరిగిన కొసతో సహా అదే.

ముంజేయి నేల మీద ఆనించి కొలిచింది. పాత గుంటకీ ఇప్పటి రాతికీ మధ్య సరిగ్గా మూర. సూర్యుడు రోజుకి అరజానెడు జరుగుతాడు. మూరకి నాలుగు రోజులు. ఇరవై అంగలు వేసిన కాళ్లు ఇరవై అంగలే వేశాయి, కాస్త పక్కకి వేశాయి, అంతే.

అన్న తప్పలేదు. తప్పింది తను. ఇవాళ చీలమండ కాదు, మోకాలు. మోకాట్లో మొదటి రోజు. పదింటికి, ఎండెక్కాక, నోజిగుల్‌ని ఆ గండిలోకి పంపిస్తున్నది తనే.

కొమ్ము చేత్తో పట్టుకుని చరియ దిగింది. దిగడమేమిటి, దొర్లినంత పని చేసింది. ముంగిట్లో లాల్‌బేక్ తాపీగా చాయ్‌లో రొట్టె ముంచుకుంటున్నాడు. పక్కన దౌలత్‌మో కొడుకు యాద్‌గార్, ఇరుగుపొరుగు ఆడవాళ్లు.

"లేవండి! ఇప్పుడే కదలాలి! ఇవాళ మోకాలు!" అంది రొప్పుతూ.

"నిన్న చీలమండన్నావు," అన్నాడు లాల్‌బేక్ రొట్టె నములుతూనే. "రాత్రికి రాత్రే ఎక్కేశాడా?"

"నేను తప్పు చెప్పాను. రాయి తప్పు చోట పాతించాను. కదంషో పొగే సరైంది. చాలా? ఇంకేమైనా ఒప్పుకోమంటావా? ఒప్పుకుంటాను, ముందు బండి తియ్యి!"

ఆమె నోటి నుంచి తప్పు అన్న మాట అక్కడెవరూ విని ఎరగరు. యాద్‌గార్ తల్లి ముందుకొచ్చాడు. "ఎనిమిది రోజులుగా మావయ్యకి కళ్లు పోయాయని ఊరంతా దండోరా వేశావు కదమ్మా! నర్సు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. వినలేదు. నోజిగుల్‌కేమన్నా అయితే..."

"అయితే నన్ను తిట్టు, కొట్టు, ఇంట్లోంచి తరిమెయ్యి. ఇప్పుడు మాత్రం ఆ పిల్లని ఎత్తు."

"ఎత్తడం సరే, గడ్డ సంగతేమిటి?" లాల్‌బేక్ లేచి నిలబడ్డాడు. "చక్రం నిలవదత్తా. నిజంగా చెబుతున్నాను."

జరాగుల్ గుమ్మంలోంచి అంది, "బూడిద." అప్పటిదాకా దౌలత్‌మో వైపు చూడకుండా నిలబడింది. ఇప్పుడు చూసింది. "ప్రతి ఇంట్లో పొయ్యి కింద బూడిద ఉంది కదా. చల్లుకుంటూ పోతే చక్రం పట్టదూ?"

పావుగంటలో పదమూడు ఇళ్ల పొయ్యిలూ ఖాళీ అయ్యాయి. ఆడవాళ్లు తట్టల్లో, బకెట్లలో, ఒకావిడైతే కొత్త శాలువాలోనే బూడిద మూటకట్టుకుని రోడ్డెక్కారు. ముందు వీళ్లు రెండు వరసల్లో చల్లుకుంటూ, వెనక లారీ నడక వేగంతో. లారీ తొట్టిలో నమదా అనే మందపాటి ఉన్ని తివాచీ మీద నోజిగుల్, పక్కన జరాగుల్, యాద్‌గార్. గండి దాకా మూడు కిలోమీటర్లు. ఒకవైపు కొండ, ఇంకోవైపు నది. అందరికంటే ముందు దౌలత్‌మో నడిచింది. నడుస్తూ పైకి చూడటం, బూడిద జల్లడం, మళ్లీ పైకి చూడటం. అవతలి కొండల వెనక ఆకాశం అప్పటికే పసుపు పచ్చగా వెలుగుతోంది. ఒక మలుపు దగ్గర వెనక చక్రం జారి అంచు దాకా వెళ్లింది. లాల్‌బేక్ పచ్చి బూతులు తిడుతూ బండిని వెనక్కి లాగాడు. ఆడవాళ్లెవరూ చెవులు మూసుకోలేదు, ఇంకో తట్ట బూడిద పోశారు.

గండి మొదట్లో లారీ ఆగింది. ఇంజను చప్పుడుతో లోపలికి పోకూడదు. నమదా నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని మోయాలి. మూడొందల అడుగులు. అవతలి చివర ఆసుపత్రి బండి తెల్లగా కనబడుతోంది, దాని పక్కన చేతులు నలుపుకుంటూ ఒక మనిషి. గండి అంతా నీడ. రోడ్డు మీద ఎక్కడా ఎండ లేదు. దౌలత్‌మో హమ్మయ్య అనుకుంది. ఇంకా టైముంది.

యాద్‌గార్, లాల్‌బేక్, ఆడవాళ్లలో ఇద్దరు నమదా ఎత్తారు. నోజిగుల్ శాలువా అంచు పళ్ల మధ్య పెట్టుకుని మూలుగుతోంది. దౌలత్‌మో ముందుకు అడుగు వేయబోతూ, ఎందుకో నది వైపు చూసింది.

అవతలి ఒడ్డున ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

అక్కడ నది సన్నం. రాయి విసిరితే చేరుతుంది, మాట మాత్రం చేరదు, నీళ్ల హోరు అలాంటిది. పొడుగ్గా, కాస్త ఎడమవైపు ఒరిగినట్టు నిలబడ్డాడు. తండ్రి అలాగే నిలబడేవాడు. ముసలాయన తలపాగా విప్పి రెండు చేతులా పట్టుకుని అడ్డంగా చాచాడు. చేతులు దించలేదు. తల అడ్డంగా ఊపాడు. ఆగమంటున్నాడు.

"ఆగండి," అంది దౌలత్‌మో.

"ఏమిటి మళ్లీ?" అన్నాడు యాద్‌గార్ పంటి బిగువున.

"అన్న ఆగమంటున్నాడు."

"పొద్దున పరుగెత్తమన్నది నువ్వే. ఇప్పుడు ఆగమనేదీ నువ్వే. ఎండ ఎక్కడుందో చూశావా? నీడే కదా ఇదంతా! ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడు పోతాం?"

అతను అన్నదాంట్లో తప్పులేదు. ఆమె లెక్కా అదే చెబుతోంది. నీడున్నంతసేపు పోవచ్చు. కానీ కింద నిలబడ్డవాడికి కొండకొన కనబడదు. అది అవతలి ఒడ్డువాడికే కనబడుతుంది. నోజిగుల్ ఒక్క కేక పెట్టింది. జరాగుల్ వంగి చూసి, "అత్తా, ఎక్కువసేపు లేదు. ఏదో ఒకటి చెప్పు," అంది.

ఇన్ని రోజులూ ఆమె తన అన్న చెప్పిన లెక్కని నవ్వి తోసిపారేసింది. ఇప్పుడు తోసెయ్యకపోతే, ఇక్కడే, ఈ రోడ్డు మీదే, కోడలు చేజారిపోవచ్చు. తోసేస్తే అందరూ పోవచ్చు. ఆమెకి ఏడుపొచ్చింది. వెళ్లి కొడుకు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ అతని ఛాతీ మీద పెట్టింది.

"నా లెక్క వినకు. నా లెక్క మీద నాకే నమ్మకం లేదు. ఆయన చేతులు దించేదాకా నువ్వు కదిలితే నా మీద నడిచి పోవాలి."

యాద్‌గార్ కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తిట్టాడు, తల్లిని అనకూడని మాటన్నాడు. ఆమె చేతులు తియ్యలేదు. లాల్‌బేక్ నమదా కొస భుజం మీదికి మార్చుకున్నాడు. అవతల తెల్లగుడ్డ అలాగే ఉంది, కాస్త వణుకుతోంది. ముసలాయన చేతులు మరి, నొప్పి పుట్టవూ.

ఎంతసేపో తెలియదు. మొదట పైన ఎక్కడో తలుపు వేసినట్టు చప్పుడయింది. ఆ తర్వాత నేల అదిరింది. తెల్లకుక్క గండి పొడుగునా దిగింది. వాళ్లు నిలబడ్డ చోటికి ముప్పై అడుగుల అవతల రోడ్డు మాయమైపోయింది. గాలి దెబ్బకి లాల్‌బేక్ టోపీ ఎగిరి నదిలో పడింది. మంచుపొడి మొహాల మీద కొట్టింది. నలుగురూ నమదా మీదికి వంగి నోజిగుల్‌ని కప్పేశారు. నది ఒక్క క్షణం ఆగినట్టయి, మళ్లీ పొర్లింది.

పొడి సర్దుకున్నాక దౌలత్‌మో నది వైపు చూసింది. ముసలాయన చేతులు దించేశాడు. తలపాగా గుడ్డ నేల మీద జీరాడుతోంది.

"పదండి," అంది. "ఇక పైన ఏం లేదు. పదండి!"

మోకాలి లోతు మంచుగడ్డల మీంచి నమదా మోశారు. పడ్డారు, లేచారు, మళ్లీ మోశారు. అవతల ఆసుపత్రి మనిషి సగం దాకా ఎదురొచ్చి ఒక కొస అందుకున్నాడు. బండిలో నోజిగుల్, జరాగుల్, యాద్‌గార్ పట్టారు. ఇంకొకరికి చోటు లేదు. తలుపు వెయ్యబోతూ యాద్‌గార్ తల్లి వైపు చూశాడు. ఆమె తలుపు తనే వేసింది. మధ్యాహ్నం కాకముందే ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ కబురు తర్వాత చౌకీకి వచ్చింది. అప్పటికి మాత్రం ఆమెకేమీ తెలియదు.

బండి వెళ్లిపోయాక ఆమె మంచు అంచున నిలబడిపోయింది. ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. కాళ్ల దగ్గర ఒక చాప ముక్క, పక్కన చాయ్ కెటిల్. ఇప్పటికిప్పుడు వచ్చినవాడి వాలకం కాదు. అప్పుడు తట్టింది ఆమెకి. మోకాలు రోజుల్లో ఇవతల ఎవరూ గండి ఛాయలకి రారు. వస్తే కదా, ఆ రోజుల్లో అవతల ఎవరు నిలబడేవాళ్లో తెలిసేది. ఎన్నేళ్ల నుంచి కూర్చుంటున్నాడో ఏమో ఆ చాప మీద.

అరవాలనిపించింది. అరిచినా వినబడదు. చెయ్యి ఊపడానికి లేదు, బురుజు మీంచి ఇటే చూస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక, నడుం వంచి, రెండు చేతులతో తన మోకాలు పట్టుకుంది. అలాగే ఉండిపోయింది.

అవతల ముసలాయన కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా వంగి, తన మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు.